నలభై నాలుగో పేరు

ఇంతవరకూ జరిగింది ఒక్క బుట్టలో పడుతుంది. ముందు అది దించుతాను.

మూడేళ్ళ క్రితం మా అఖాతంలో ఎర్రనీరు, అంటే ఆల్చిప్పలకు విషం పట్టించే సన్నని నాచు, వచ్చినప్పుడు మేడమ్ నెల్ఫా తమ్ముడు రుఫో ఉడికించిన ఆల్చిప్పలు తిన్నాడు. మధ్యాహ్నానికి పెదాలు మొద్దుబారాయి, సాయంత్రానికి ఊపిరి ఆగింది. ఆ విషం ఉడికించినా పోదు. ప్రభుత్వ పరీక్ష ఫలితం పదకొండు రోజుల తర్వాత వచ్చింది. అప్పటి నుంచి బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మేడమ్ నెల్ఫా, ల్యాబులో పని పోగొట్టుకున్న జెర్విన్, ఇంకొందరు కలిసి రోజూ అఖాతం నీళ్ళు తెచ్చి, మైక్రోస్కోప్ కింద విషపు కణాలు లెక్కపెట్టి, ఆ అంకెను ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. నేను పూరింగ్‌ని, ఆల్చిప్పల టోకు వ్యాపారిని; రేవులో నన్ను మానాంగ్, అంటే అక్కా, అని పిలుస్తారు. నా దుకాణం వెనక గది వాళ్ళకిచ్చాను. పుణ్యానికి కాదు, ఆ అంకె లేకుండా నా సరుకును నేనే నమ్మలేను కనక.

జీతం లేకుండా పనిచేసేవాళ్ళు పడవకు, సీసాలకు కూడా చేతి డబ్బు ఇంకెన్నాళ్ళు పెడతారు? అందుకే ఇలాంటి పనే చేస్తున్న మరో మూడు ఊళ్ళవాళ్ళతో, అంటే సబాలో కూడత్, సులవేసిలో మకస్సార్, వియత్నాంలో న్యాట్రాంగ్ వాళ్ళతో కలిసి సింగపూరులోని ఒక నిధి సంస్థకు ఉమ్మడిగా గ్రాంటు దరఖాస్తు పెట్టాం. నూట తొంభైలో చివరి ఆరింటికి చేరాం. పండగ చేసుకుందామనుకుంటుండగా గురువారం సాయంత్రం ఉత్తరం వచ్చింది. మీ దరఖాస్తు రాసినవారి జాబితాలో ఒకరు మా పరిశీలకుల మండలిలో ఉన్నట్టు అనుమానం, ఆ పేరేదో, ఆ మనిషి ఎంతవరకు పాలుపంచుకున్నారో శుక్రవారం సాయంత్రం ఐదులోగా తెలపండి. మండలిలో ఎవరున్నారో చెప్పడానికి మాత్రం మా నియమాలు ఒప్పుకోవు.

అంటే, దొంగను మీరే పట్టుకోండి, దొంగ ఎలా ఉంటాడో మేం చెప్పం అని.

శుక్రవారం ఉదయం ఏడింటికే వెనక గది నిండిపోయింది. అది ఒకప్పుడు ఐసు గది. ఇప్పుడు రేకు బల్ల మీద జెర్విన్ మైక్రోస్కోప్, గోడకు మేడమ్ నెల్ఫా బడి నుంచి తెచ్చిన పాత నల్లబల్ల, దాని మీద నిన్నటి అంకె, మూడు. కిటికీలో ఆ రోజు నీళ్ళ సీసా. పడవవాడు తెచ్చి పెట్టి వెళ్ళాడు. మామూలుగా అయితే ఎనిమిదింటికల్లా జెర్విన్ ఆ నీటిని గాజుపలక మీద వేసి, కన్ను ఆనించి, ఎడమ చేత్తో లెక్కమీట పట్టుకుని కూర్చుంటాడు. కణం కనబడితే ఒక నొక్కు, టిక్కుమని ఒక చప్పుడు. మామూలు రోజుల్లో మూడు, నాలుగు. పది దాటితే నా లారీ కదలదు. ఆ నియమం నేను పెట్టుకున్నదే, రెండేళ్ళుగా తప్పలేదు.

ఆ రోజు ఎవరూ సీసా మూత తియ్యలేదు.

"అరవై ఒక్క మంది," అన్నాడు జెర్విన్, జాబితా కాగితాలు బల్ల మీద పరుస్తూ. "అందరికీ ఫోన్ చేసి, అయ్యా మీరేమైనా రహస్యంగా జడ్జీలా అని అడగాలా మేడమ్?"

"అడగాలి. కాస్త మర్యాదగా," అంది మేడమ్ నెల్ఫా.

"ఇరవయ్యో పేరు చూడండి. మకస్సార్‌లో ఎండు చేపలమ్మే అమ్మాయి. ఒక్క కామా మార్చింది. కామాకి కూడా పేరెందుకని నేను అప్పుడే అన్నాను."

"నువ్వనలేదు తోతో," అన్నాను. ముప్పై రెండేళ్ళు వచ్చినా నాకు జెర్విన్ తోతోనే, చిన్నబ్బాయే. "చప్పట్లు కొట్టావు. సరైన చోట పెట్టిందన్నావు."

"సరైన చోటే పెట్టింది మరి."

ఈ ఓపెన్ సైన్స్ వాళ్ళ పద్ధతి నాకు మొదట్లో వింతగా ఉండేది. సరుకంతా వీధిలో పరిచి, పట్టుకెళ్ళండి అంటారు. దరఖాస్తు కూడా అలాగే రాశారు. ఇంటర్నెట్‌లో ఒక ఉమ్మడి పత్రం. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ఏ మాట ఎవరు ఎప్పుడు మార్చారో లోకమంతటికీ కనిపిస్తుంది. మార్చింది మార్చినట్టు నిలిచిపోతుంది, వెనక్కి వెళ్ళి చెరపడం కుదరదు. దిద్దిన ప్రతి మనిషి పేరూ చివర జాబితాలోకి ఎక్కాలి. వాళ్ళ పద్ధతుల్లో నాకు వెంటనే నచ్చింది ఇదొక్కటే. తీసుకున్నదానికి తూకం చూపించాలి కదా.

జెర్విన్ పేర్లు చదువుతున్నాడు. మేడమ్ ఒక్కో పేరు పక్కన ఎవరు ఫోన్ చెయ్యాలో రాస్తోంది. నేను పాలపొడి కాఫీ కలుపుతున్నాను.

"నలభై మూడు, కూడత్ నుంచి చెగు సల్బియా. నలభై నాలుగు, రోసౌరా, బజారులో కలిసిన ఆవిడ." తలెత్తాడు. "ఇదేం పేరు? ఇంటిపేరు లేదు, ఊరు లేదు. ఎవరు ఎక్కించారు దీన్ని?"

చెంచా కప్పులో ఆగింది. ఆ ఒక్క క్షణంలో నాకు అంతా తెలిసిపోయింది.

"నా బేరాల్లో ఒకావిడ," అన్నాను. "దాన్ని నేను చూసుకుంటాలే. నలభై అయిదు చదువు."

ఆ రోజు నేను వేసిన మొదటి తప్పుడు తూకం అది.

రోసౌరా ఫిబ్రవరి చివర్లో వచ్చింది. పొట్టి జుట్టు, కాన్వాసు చెప్పులు, తోడు ఒక మనిషి. రెండు కిలోల తాహోంగ్, అదే మా ఆల్చిప్పలు, అడిగింది. పచ్చ అంచు చిప్పలను ఒక్కొక్కటే వేలితో తట్టి, మూసుకున్నవే ఏరుకుంది. సరుకు తెలిసిన మనిషి. దుకాణం బయట పలక మీద ఆ రోజు అంకె చూసి, ఇది ఎవరు లెక్కపెడతారని అడిగింది. నా సరుకు గురించి అడిగితే నేను రెండు మాటలు చెబుతాను. అంకె గురించి అడిగితే కుర్చీ వేస్తాను. అల్లం, నిమ్మగడ్డి వేసి ఆవిరి పట్టిన ఆల్చిప్పల గిన్నె ముందు పెట్టి, దరఖాస్తు అచ్చుకాగితాలు పక్కన పెట్టాను. అప్పటికి అది సగం రాసి ఉంది.

ఆవిడ తింటూ చదివింది. చిప్పలు ఒక వైపు, కాగితాలు ఒక వైపు. చివరికి చెయ్యి తుడుచుకుని పెన్సిల్ అడిగింది.

"పడవకు ఉంది, సీసాలకు ఉంది, కొత్త మైక్రోస్కోప్‌కు ఉంది," అంది. "లెక్కపెట్టే మనిషి ఏం తింటాడు?"

ఆ మాటే అంచున రాసింది. కింద ఒక గీత గీసి, నాలుగు ఊళ్ళలో నలుగురికి జీతం అని వేసింది. అంత పెద్ద చదువులు చదివిన నలభై మంది అన్ని వారాలు కూర్చుని రాసినదానిలో ఎవరికీ తట్టని సంగతి. వాళ్ళందరికీ ఊరికే పనిచేసి అలవాటు.

మీ పేరు జాబితాలో వేస్తామన్నాను. వద్దు మానాంగ్ అంది. మళ్ళీ అన్నాను. వద్దంది. మూడోసారి నవ్వి, "ఇలాంటి కాగితాలు అప్పుడప్పుడు నా ముందుకే వస్తాయి మానాంగ్. నా పేరుంటే మీకే ఇబ్బంది," అంది.

మా రేవులో భోజనానికి పిలిస్తే మొదటిసారి వద్దంటారు. రెండోసారి ఇప్పుడే తిన్నామంటారు. మూడోసారి ఏదో ఒక కారణం చెబుతూ కుర్చీ లాక్కుంటారు. ఆ కారణాన్ని ఎవరూ వినరు. వింటే అవమానించినట్టు. నేనూ వినలేదు. రెండు కిలోలకు డబ్బు తీసుకోలేదు. అయినా తూకం సరిపోలేదనిపించింది. పక్కనున్న మనిషి ఆవిడను పిలవగా విన్న పేరును ఆ సాయంత్రమే జెర్విన్ దిద్దుబాట్లు ఎక్కిస్తుంటే చెప్పి రాయించాను. వాడు అప్పుడు ఏదో హడావిడిలో ఉండి చెప్పింది చెప్పినట్టు కొట్టాడు. బజారులో కలిసిన ఆవిడ, అనేది కూడా నా మాటే.

పదింటికి ఇరవై రెండు పేర్లు తేలాయి. పదకొండుకు నలభై. ఒక్కొక్కరు ఫోనులో తెల్లబోతున్నారు, కొందరు నవ్వుతున్నారు. న్యాట్రాంగ్‌లో ఒక ముసలాయన, నేను జడ్జినైతే మీకు ఇంతకుముందే మొదటి బహుమతి ఇచ్చేసేవాడిని కదా అన్నాడట. నేను నా వంతు ఆరు పేర్లకు ఫోన్ చేస్తూ, ప్రతిసారీ అవతలివాళ్ళు అవును, నేనే ఆ మనిషిని అంటే బాగుండునని కోరుకున్నాను. ఒక్కరూ అనలేదు.

ఒంటిగంటకు లారీ డ్రైవర్ బెర్తో గుమ్మంలోకి వచ్చాడు.

"మానాంగ్, ఐసు కరుగుతోంది. ఇలోయిలో పట్నంలో సాయంత్రం బజారుకు అందాలా వద్దా? అంకె ఏది?"

వెనక గది వైపు చూశాను. జెర్విన్ ఒక చెవిలో మకస్సార్, ఇంకో చెవిలో వేలు పెట్టుకుని అరుస్తున్నాడు. సీసా కిటికీలో అలాగే ఉంది, ఎండ పడి మెరుస్తోంది.

"నిన్న ఎంత?" అన్నాను.

"మూడు."

"మొన్న?"

"మొన్నా మూడే. పలక మీద మీరేగా రాసింది."

నలభై బుట్టలు. కొనే మనిషి మూడు వారాలుగా వేరేవాళ్ళ దగ్గరికి పోతానని బెదిరిస్తోంది. లెక్క చూసుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు, ఎప్పుడూ పట్టదు.

"వెళ్ళు," అన్నాను.

మూడింటికి అరవై పేర్లు తేలాయి. జాబితాలో అరవై టిక్కులు, ఒక ఖాళీ.

మేడమ్ నెల్ఫా కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. బడిలో నా ఇద్దరు పిల్లలకూ ఆవిడే చెప్పింది. ఆ కళ్ళద్దాలు తీస్తే ఏం వస్తుందో వాళ్ళు నాకు ఎన్నోసార్లు చెప్పారు.

"పూరింగ్. నలభై నాలుగుకు ఫోన్ చేశావా?"

"నంబరు లేదు మేడమ్."

"ఉదయం చూసుకుంటానన్నావు."

"చూస్తూనే ఉన్నాను."

"నువ్వు పొద్దున్నించీ ఆ ఖాళీ వైపే చూస్తున్నావు. నేను నీ వైపు చూస్తున్నాను. ఎవరావిడ?"

చెప్పాను. మొత్తం చెప్పాను. గిన్నె, పెన్సిల్, మూడుసార్లు వద్దనడం, నవ్వుతూ చెప్పిన ఆ చివరి మాట. చెబుతుంటే జెర్విన్ ఫోను కింద పెట్టేశాడు.

"మానాంగ్, ఆవిడ స్పష్టంగా చెప్పింది కదా," అన్నాడు. "నా ముందుకు వస్తాయని."

"మర్యాదకు అంటోందనుకున్నాను తోతో."

"మర్యాదకు ఎవరైనా అంత వివరంగా అబద్ధం చెబుతారా?"

"మీ మేనత్త నా ఇంట్లో భోజనం వద్దనడానికి తనకు చక్కెర జబ్బుందని చెప్పింది. తర్వాత మూడు పళ్ళేలు తింది. దేన్ని నమ్మమంటావు?"

వాడు నవ్వలేదు. ఇంకో రోజయితే నవ్వేవాడు.

"ఆ గీత ఆవిడదా?" అన్నాడు. "జీతం గీత?"

"ఆవిడదే."

వాడు లేచి తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. "ఆ గీతను నమ్ముకునే నేను నెగ్రోస్ దీవిలో రొయ్యల హేచరీ వాళ్ళకు రానని చెప్పాను మానాంగ్. చివరి ఆరింట్లో ఉన్నామని తెలిసిన రోజు. వాళ్ళు మంచివాళ్ళు, సోమవారం దాకా ఆలోచించుకో అన్నారు." ఆగాడు. "మా ఆవిడకు ఇంకా చెప్పలేదు, వద్దన్నానని."

 వాడు వెళ్ళిపోతే ఆ మైక్రోస్కోప్ ముందు కూర్చునేవాళ్ళు లేరు. మేడమ్ కళ్ళకు శుక్లాలు. మిగిలినవాళ్ళు ఆదివారాలు వచ్చి పోయేవాళ్ళు. వాడి జీతం ఇప్పుడు ఆ గ్రాంటులోనే ఉంది. ఆ జీతం గీత గీసిన మనిషి వల్లే గ్రాంటు పోయేలా ఉంది. ఎటు తిప్పినా అదే బుట్ట అడుగు కనబడుతోంది.

జెర్విన్ నిధి సంస్థ నియమాల కాగితం తీసి చదివాడు. పరిశీలకులు ఎవరైనా దరఖాస్తు రచనలో పాల్గొన్నట్టు తేలితే ఆ దరఖాస్తును పరిగణించరు. అంతే, ఒక్క వాక్యం. దానికి పొడిగింపు లేదు, మినహాయింపు లేదు.

"ఆ పేరూ ఆ గీతా తీసేస్తే?" అన్నాను.

"తీసినట్టు కూడా కనిపిస్తుంది. ఇవాళ్టి తేదీతో. ఇంకా అసహ్యంగా ఉంటుంది. పైగా ఆ వాక్యంతోనే మొదలవుతుంది దరఖాస్తు. మేడమే అక్కడికి మార్చారు."

నిజమే. లెక్కపెట్టే మనిషి ఏం తింటాడు? మా దరఖాస్తు మొదటి వాక్యం అదే. అది చదివే చివరి ఆరింటికి తీశారని అందరం అనుకున్నాం.

అప్పుడు నాలోని వ్యాపారి నోరు తెరిచింది.

"మేడమ్, వినండి. వాళ్ళు అడిగింది, మండలిలో మనిషి ఎవరు అని. మనకు ఆవిడ ఇంటిపేరు తెలీదు, ఊరు తెలీదు, ఏ మండలిలో ఉందో తెలీదు. అరవై మంది కాదన్నారు. అరవై ఒకటో మనిషి బజారులో కలిసిన ఆవిడ, ఆచూకీ లేదు. ఎవరో మాకు తెలియదు అని రాద్దాం. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మిగతాది వాళ్ళు తేల్చుకుంటారు. తేల్చుకోలేకపోతే మనది నిలుస్తుంది."

జెర్విన్ నా వైపు చూసి, మేడమ్ వైపు చూశాడు. వాడి మొహంలో ఆశ లేచింది. దాన్ని చూసి నాకు సిగ్గేసింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

మేడమ్ నెల్ఫా చాలాసేపు కళ్ళద్దాలు తుడిచింది.

"పూరింగ్, రుఫో తిన్నవి ఎవరి బుట్టలోవి?"

మూడేళ్ళలో ఆవిడ నన్ను ఆ మాట అడగలేదు. నా గదిలో కూర్చుంది, నా కాఫీ తాగింది, క్రిస్మస్‌కు నా ఇంటికి వచ్చింది. అడగలేదు.

"తెలీదు మేడమ్," అన్నాను. "ఆ రోజు రేవులో ఎనిమిది మందిమి అమ్మాం."

"నిజమేనా?"

"నిజమే. ఎవరిదో ఎవరూ తేల్చలేదు."

"నువ్వు తేల్చుకోవాలని చూశావా?"

గోడ అవతల ఎవరో ఐసు కొడుతున్నారు. 

"చూడలేదు," అన్నాను.

"నేనూ చూడలేదులే," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. ఉంటే తేలికయ్యేది. "నీ పేరే వస్తుందేమోనని భయపడ్డాను. వస్తే ఈ గది ఉండదు. మనిద్దరం ఆ తెలీదు మీదే మూడేళ్ళు నడిపించాం. ఇప్పుడు వాళ్ళకు కూడా అదే రాసి పంపుదామంటున్నావు."

 నలభై ఏళ్ళ వ్యాపారంలో ఎవరికైనా ఏదో ఒకటి చెప్పి పంపాను. ఆ రోజు నియమాల కాగితం మడిచి జెర్విన్ ముందు పెట్టాను.

 జెర్విన్ మొహంలో లేచిన ఆశ అలాగే దిగిపోయింది.

"కూడత్‌కు ఫోన్ చెయ్యండి," అన్నాడు. "నాలుగు ఊళ్ళ దరఖాస్తు. మనం ఒక్కళ్ళమే ముంచకూడదు."

చెగు సల్బియా బడిపంతులమ్మ, మేడమ్ లాగే; చెగు అంటే వాళ్ళ భాషలో అదే. ఫోను పెద్దగా పెట్టాం. ఆవిడ నవ్వుతూనే ఎత్తింది.

"ఏంటి నెల్ఫా అక్కా, జడ్జి దొరికాడా? నేనే అని ఒప్పుకోమంటే చెప్పండి, ఒప్పుకుంటాను."

మేడమ్ చెప్పింది.  అవతల కోడి ఒకటి కూసింది, ఎవరో పిల్లవాణ్ణి కేకలేశారు.

"మా పడవవాడికి వచ్చే నెల నుంచి జీతమిస్తానని చెప్పాను," అంది చివరికి. "పెళ్ళికి ముహూర్తం పెట్టుకున్నాడు వాడు."

"మీరు వద్దంటే పంపం," అంది మేడమ్.

"వద్దని ఎలా అంటాను అక్కా? మన అంకెలు ఎవరు చూసినా ఒకేలా ఉండాలని ఆ పత్రం రెండో పేజీలో రాసింది నేనే." గొంతు పెంచింది. "ఆ ఆల్చిప్పల మానాంగ్ అక్కడే ఉందా?"

"ఉన్నాను చెగు," అన్నాను.

"మీరు ఈసారి మా ఊరు వస్తే నేను ఏదైనా వద్దంటే వద్దనే అర్థం. గుర్తు పెట్టుకోండి."

అది నవ్వించడానికి అన్న మాట. ఎవరికీ నవ్వు రాలేదు, ఆవిడకు కూడా. మకస్సార్, న్యాట్రాంగ్ వాళ్ళకు తానే చెబుతానంది. పావుగంటలో రెండు చోట్ల నుంచీ చిన్న సందేశాలు వచ్చాయి. పంపండి. మా పేర్లు కూడా కింద వెయ్యండి.

ఉత్తరం మేడమ్ చెప్పింది, జెర్విన్ కొట్టాడు. నలభై నాలుగో పేరు రోసౌరా. మీ మండలిలో ఉన్నది ఈవిడే అని మేం అనుకుంటున్నాం. దరఖాస్తు మొదటి వాక్యం, జీతాల పద్దు ఆవిడ సూచించినవి. ఆవిడ తన పేరు వద్దని మూడుసార్లు చెప్పారు. మేము వినలేదు. తప్పు ఆవిడది కాదు.

"మేము కాదు, నేను అని పెట్టు," అన్నాను.

"మేము," అంది మేడమ్. జెర్విన్ మేము అనే ఉంచాడు.

అప్పుడు తట్టింది నాకు ఇంకొకటి. ఆవిడ తన ముందుకు వచ్చిన మా కాగితంలో తన మాటే చూసి, ఏమీ ఎరగనట్టు ఊరుకుని ఉండొచ్చు. మా మేలు కోరే ఊరుకుని ఉండొచ్చు. ఇప్పుడు ఆవిడ కుర్చీ కూడా పోతుందేమో. రెండు కిలోల ఆల్చిప్పలకు నేను చేసిన మర్యాద ఎంతమంది నెత్తిన పడిందో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేశాను.

"పంపే బటన్ నొక్కేది నేను," అన్నాను. జెర్విన్ లేచి కుర్చీ ఇచ్చాడు.

నాలుగూ పదిహేనుకు నొక్కాను. నిమిషంలో జవాబు వచ్చింది. మీ సమాధానం అందింది, ధన్యవాదాలు. మనిషి రాసింది కాదు, యంత్రం పంపేది.

ముగ్గురం దాన్ని చూస్తూ కూర్చున్నాం. బడిలో ఫలితాల కాగితం అంటించాక పిల్లలు అక్కడే నిలబడి ఉంటారు చూడండి, చదవడానికి ఇంకేం లేకపోయినా, అలా. కాఫీ చల్లారి పైన మీగడ కట్టింది. మేడమ్ కొబ్బరి పుట్టు కుడుముల పొట్లం విప్పింది. ఎవరూ తినలేదు.

"సోమవారం హేచరీకి ఫోన్ చేస్తాను," అన్నాడు జెర్విన్. ఎవరినీ చూడకుండా అన్నాడు. "ఈ నెలాఖరు దాకా వస్తాను మేడమ్. ఆ తర్వాత ఆదివారాలు పడవ దొరికితే."

"సరే నాయనా," అంది మేడమ్. వెళ్ళొద్దనే హక్కు మాలో ఎవరికీ లేదు.

వాడు గదిలో అటూ ఇటూ చూశాడు. చేతులకు ఏదో ఒక పని కావాలి. కిటికీ దగ్గర ఆగాడు.

"ఇవాళ్టిది చూడనేలేదు," అన్నాడు. "ఎలాగూ ఉన్నాను కదా."

సీసా మూత తీశాడు. చిన్న గొట్టంతో నీళ్ళు తీసి గాజుపలక మీద వేశాడు. స్టూలు లాక్కుని, కన్ను ఆనించి, ఎడమ చేత్తో లెక్కమీట అందుకున్నాడు. మూడేళ్ళుగా రోజూ చూసే భంగిమ. నెలాఖరు దాకా ఇంకా ఎన్నిసార్లు చూస్తానో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను.

టిక్. టిక్.

మూడోది వినబడింది. ఇంకా కాసేపట్లో వాడు తలెత్తి, మూడు మానాంగ్, అంటాడు, నేను పలక తుడిచి మూడు రాస్తాను.

నాలుగు. అయిదు.

మేడమ్ నెల్ఫా పొట్లం మడుస్తున్నది ఆగింది.

ఏడు, ఎనిమిది, వెంటవెంటనే. జెర్విన్ వీపు బిగుసుకుంది. గాజుపలకను ఒక గడి జరిపాడు. మళ్ళీ మొదలైంది. చినుకులు రేకు మీద మొదట ఒకటొకటిగా పడి తర్వాత కలిసిపోతాయే, అలా కలిసిపోతున్నాయి నొక్కులు. పద్నాలుగు దాకా నేను లెక్కపెట్టాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు.

"మానాంగ్," అన్నాడు వాడు, కన్ను తియ్యకుండా. "ఇవాళ లారీ ఆపారు కదా?"

గోడ గడియారంలో నాలుగూ నలభై. ఒంటిగంటకు బయల్దేరింది. ఇలోయిలోకు మూడు గంటల దారి. ఈపాటికి నలభై బుట్టలూ దించేసి ఉంటారు. సాయంత్రం బజారు కొలువుదీరే వేళ, ఎవరెవరో చేతిసంచులతో వచ్చి మూసుకున్న చిప్పలు ఏరుకుంటూ ఉంటారు.

మేడమ్ నెల్ఫా నా వైపు చూస్తోంది. ఈసారి ఎవరి బుట్ట అని ఎవరూ అడగక్కర్లేదు.

బెర్తో నంబరు నొక్కి చెవికి పెట్టుకున్నాను. అవతల మోగుతోంది. మోగుతూనే ఉంది. ఇవతల జెర్విన్ చేతిలో మీట ఇంకా ఆగలేదు.